పార్కులో కిర్రుచెప్పులు

ఇట్లా దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకవాళ్ళు కూడా ముందుకు రండి, ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. జగిత్యాలలో కౌసల్య దొరసాని పార్కుకు నడకకు పోయిన కథ. నడిచింది ఒక్క చుట్టు. అదీ పూర్తిగా నడవలేదు.

అవి రైతుకూలీ సంఘాల రోజులు. గంభీరావుపేట దిక్కు పల్లెల్లో దొరలు కోటల్లాంటి తమ గడులకు తాళాలు వేసుకొని పట్నాలకు చేరుతున్న కాలం. గడి ముందర ఎర్రజెండా లేచిన మర్నాడే జలపతి రావు దొర భార్యను వెంటబెట్టుకొని జగిత్యాలలో కొడుకు అద్దెకుండే మూడు గదుల ఇంటికి వచ్చిపడ్డాడు. రెండేళ్ళయినా కౌసల్యకు ఆ ఇంట్లో ఏదీ నచ్చలేదు. నల్లా నీళ్ళు నచ్చలేదు. గోడ పక్క గుమాస్తా కుటుంబం నచ్చలేదు. వాళ్ళింటి తాలింపు వాసన వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఇక బడిపంతులు కూతురైన కోడలు రాధ సంగతి చెప్పనక్కరలేదు. కొడుకు ఇష్టపడి చేసుకున్నాడని ఊరుకుంది గాని, లేకుంటే ఆ పిల్ల చేతి చాయ్ కూడా తాగేది కాదు.

ఆ రోజు పొద్దున రాధ చాయ్ గ్లాసుతో పాటు ఒక అట్టపెట్టె తెచ్చి మామగారి ముందు పెట్టింది. అందులో కొత్త కాన్వాసు బూట్లున్నాయి.

"మామయ్యా, ఇయ్యాల పార్కుకు పోదాం. డాక్టర్ సాబ్ ఏమన్నరో యాదికున్నది గదా?"

దొర పేపరు వెనకనుంచి తల తీయలేదు. జవాబు దొరసాని చెప్పింది.

"నడుసుడా? నడిచేటోళ్ళు వేరే ఉన్నరు రాధా. మీ నాయిన బడికి నడుచుకుంట పోయిండేమో. నేను గడికి కాపురానికి అచ్చింది కచ్చురం ఎడ్లబండిల, పరద కట్టుకొని. నా కాలు బాట మీద పడంగ సూసినోడు లేడు."

"సుగరుకు గవన్నీ తెల్వయి అత్తమ్మా" అంది రాధ, గొంతు పెంచకుండా. "మామయ్య అరికాళ్ళకు స్పర్శ పోయింది. దెబ్బ తాకినా తెల్వది. పుండైతే కాలు తీసెయ్యాలె అన్నరు. రోజూ నడవాలె, గీ మెత్తటి బూట్లతోనే నడవాలె."

"గీ గుడ్డ బూట్లా? పోలీసు పోరగాండ్లు కవాతుకు ఏసుకుంటరు గివి." దొరసాని పెట్టెను కాలితో మంచం కిందికి నెట్టింది.

ఆరేళ్ళ మనవరాలు జమున వచ్చి పేపరు లాగేసింది. "తాతా, పార్కుల ఉయ్యాల ఉన్నదట. నువ్వొస్తెనే అమ్మ తోలుకపోతదట. రా తాతా!"

ఊళ్ళో ఎవరి మాటా వినని దొర, ఆ పిల్ల మాట మాత్రం వినేవాడు. "సరే, ఒక్క చుట్టు. గంతే" అని లేచాడు.

"పోతే పోదాం గాని దొర లెక్క పోదాం" అంటూ కౌసల్య పెద్ద పెట్టె తెరిచి మొగుని కిర్రుచెప్పులు తీసింది. ఆ చెప్పులు మీరు చూసి ఉండరు. రెండు పొరల తోలు, అడుగు వేస్తే చాలు కిర్రు, కిర్రు అని మోత. ఊళ్ళో ఆ మోత మలుపు తిరగకముందే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారు. కాళ్ళకు చెప్పులున్నవాళ్ళు విప్పి చేతిలో పట్టుకొని, బాట దిగి పక్కకు ఒదిగేవారు.

"అత్తమ్మా, వాటికి ఎనక పట్టీ లేదు. జారుతయి" అంది రాధ.

"జారింది లోకం, చెప్పులు గాదు. నడువు."

పార్కు చిన్నదే. షాబాదు బండలు పరిచిన బాట, రెండు పక్కలా గన్నేరు చెట్లు, నడుమ ఉయ్యాలలు. జమున లోపలికి అడుగుపెట్టగానే ఉయ్యాల దిక్కు ఉరికింది. రాధ వెనక్కు తిరిగి, "అత్తమ్మా, మామయ్య చెయ్యి పట్టుకోండ్రి" అని చెప్పి పిల్ల వెంట ఉరికింది.

పదిమందిలో మొగుని చెయ్యి పట్టుకోవడమా! దొరసాని నాలుగడుగులు ముందు నడిచింది, మెడ నిటారుగా పెట్టి. వెనకటికి దొర ముందర కావలివాడు ఉరుకుతూ బాట ఖాళీ చేయించేవాడు. ఇప్పుడు ఆ పని తానే చేస్తున్నానని ఆమెకు తట్టలేదు. ఎదురొచ్చే ప్రతి మనిషినీ కంటితోనే పక్కకు నెట్టాలని చూసింది. బట్టల దుకాణం సేటు బొజ్జ ఊపుకుంటూ వచ్చాడు. ఒక ఆఫీసు గుమాస్తా, ఆయన భార్య పల్లీలు తింటూ వచ్చారు. బీడీలు చుట్టే చాట వదిలి గాలికి వచ్చిన ఆడవాళ్ళు నలుగురు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకొని నవ్వుకుంటూ వచ్చారు. ఒక్కరూ జరగలేదు.

దొర నడిబాటలో ఆగాడు. ఆగితే జరుగుతారని ఆయన కాళ్ళకు అలవాటు.

"ఓ పెద్దమనిషీ, నడుమ నిలబడ్డవేంది? జర పక్కకు జరుగు" అన్నాడు సేటు.

దొర జరిగాడు. గన్నేరు కొమ్మ తలకు తగిలింది.

"ఎవలను జరుగుమంటున్నవో తెలుసా?" దొరసాని గొంతు చీరుకుపోయింది.

"తెల్వదమ్మా. గిది పార్కు. నువ్వు నడువు, మమ్ముల నడవనియ్యి" అని సేటు సాగిపోయాడు. బీడీల ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కున నవ్వింది.

"అలగా జనం" అని గొణుగుతూ దొరసాని నడక పెంచింది. వెనక కిర్రుమోత వస్తూనే ఉంది. ఎట్లా వస్తుందో వినే తీరిక ఆమెకు లేదు.

మలుపులో ఒక ముసలామె కనిపించింది. చేతిలో నీళ్ళ బకెట్, అందులో చెంబు. వీళ్ళను చూసి ఆగింది. బకెట్ దించింది. బాట దిగింది. కాలి చెప్పు విప్పి చేతిలో పట్టుకుంది.

దొరసాని గుండె పొంగింది. రెండేళ్ళ తర్వాత ఒక మనిషి, మనిషిలా మసలుకుంది! ముఖం గుర్తుపట్టింది కూడా. తమ ఊరి నర్సవ్వ. గడిలో ఇరవై ఏళ్ళు వాకిలి ఊడ్చిన మనిషి.

"ఏమే నర్సీ! నువ్వన్న మర్యాద మరువలే. సూడుండ్రి, సూసి నేర్చుకోండ్రి!" అని చుట్టూ వినబడేలా అంది.

నర్సవ్వ చెప్పును గన్నేరు మొదట్లో రెండుసార్లు తట్టింది. గులకరాయి రాలింది.

"మర్యాద గాదు దొరసాని. చెప్పుల రాయి సొచ్చింది."

ఆ మాట అని, చెప్పును దొరసాని కళ్ళముందే కాలికి తొడుక్కుంది. తొడుక్కొని మళ్ళీ బండల మీదికి ఎక్కింది.

"నోరు లేసిందే! సంఘపోళ్ళు నేర్పిండ్రా? నా ముంగట చెప్పులు తొడుగుతవా? నాడు గడి ముంగట..." అనబోయి దొరసాని ఆపేసింది.

"ఎందుకు ఆపినవు, చెప్పు" అంది నర్సవ్వ. ఆమె కళ్ళలో కోపం కూడా లేదు, అంత చులకన. "నాడు ఎండల గడి ముంగట చెప్పులతోని నడిచిన అని, గవే చెప్పులు నెత్తి మీద పెట్టి నిలబెట్టినవు. తొమ్మిది నెలల కడుపు నాది. గోడ నీడ నా కాళ్ళ దాక అచ్చేదాక నిలబెట్టినవు. గా కడుపుల ఉన్న బిడ్డ ఇంట్లనే ఇప్పుడు నేను బతుకుతున్న. ఈడ చెట్లకు నీళ్ళు వోస్త, జీతం తీసుకుంట." అని ఉన్నట్టుండి చెవి ఒగ్గింది. "గది ఇడువు. దొర చెప్పు ఒక్కటే కిర్రుమంటున్నది. ఇంకోటి ఏది?"

దొరసాని వెనక్కు తిరిగింది.

దొర ఒక కాలికే చెప్పుతో వస్తున్నాడు. రెండో చెప్పు ఎక్కడో వెనక బాట మీద పడి ఉంది. బండల మీద ఎర్రటి మచ్చలు అడుగడుగునా. ఏ సీసా పెంకో కాలిలో దిగింది. అరికాలికి ఏమీ తెలియక ఆయన నడుస్తూనే ఉన్నాడు. ఇద్దరూ తన కాలి దిక్కే చూస్తుంటే తనూ తల వంచి చూసుకున్నాడు, వేరే ఎవరి కాలో అన్నట్టు.

"నాకేం తెల్వలే కౌసల్యా" అన్నాడు, జమున గొంతులాంటి గొంతుతో.

"ఎవలన్న ఉన్నరా!" అని కేక పెట్టింది దొరసాని. గడిలో ఆ కేకకు పదిమంది ఉరికొచ్చేవారు. పార్కులో ఎవరికీ అది తమను పిలిచినట్టు తోచలేదు. "నర్సీ, కాలు పట్టు! జల్ది పట్టు!"

నర్సవ్వ పోయి పడిపోయిన చెప్పు తెచ్చింది. తెచ్చి దొర కాళ్ళ ముందు కాదు, దొరసాని కాళ్ళ ముందు పెట్టింది. పక్కన బకెట్ పెట్టింది.

"నీళ్ళు నేను వోస్త. కాలు నువ్వే పట్టాలె. నీ పెనిమిటి కాలు గది."

కౌసల్య బండల మీద కూలబడింది. పట్టుచీర తడిసింది. నర్సవ్వ చెంబుతో పోస్తుంటే కాలు కడిగింది, పెంకు తీసింది. వచ్చేపోయేవాళ్ళు ఆమె పక్కనుంచి తిరిగి పోతున్నారు. ఆమెకు కనబడుతున్నవి చెప్పులే. తోలువి, రబ్బరువి, సేటు బూట్లు. ఎవరి ముఖమూ కనబడటం లేదు. నర్సవ్వ ఇరవై ఏళ్ళు వంగి వాకిలి ఊడ్చినప్పుడు కనబడింది ఇదే కదా, తన కాళ్ళు, తన చెప్పులు. కడిగిన కాలి మీద టపటపా కన్నీళ్ళు పడ్డాయి.

రాధ ఉరికొచ్చి కొంగు చించి కట్టు కట్టింది.

"రాధా, గా బూట్లు మంచం కింద ఉన్నయి. నేనే నూకిన బిడ్డా" అంది కౌసల్య. కోడలిని బిడ్డా అనడం అదే మొదటిసారి.

"తెలుసు అత్తమ్మా. లేవుండ్రి, దవాఖానకు పోదాం."

నర్సవ్వ అప్పటికే బకెట్ ఎత్తుకొని పోతోంది. "నర్సవ్వా" అని పిలిచింది దొరసాని. పూర్తి పేరు. నర్సవ్వ ఆగింది.

కౌసల్య ఆమె కాలి చెప్పు దిక్కు చూసింది. "రాయి... పోయిందా?" అంది.

నర్సవ్వ బకెట్ చెయ్యి మార్చుకుంది. "చెప్పులది పోయింది" అని వెళ్ళిపోయింది.

వెంటనే చూసుకోబట్టి కాలు దక్కిందన్నాడు డాక్టర్. నెల తిరిగాక దొర కాన్వాసు బూట్లతో మళ్ళీ పార్కుకు పోయాడు. చెయ్యి కౌసల్య పట్టుకుంది, పదిమందీ చూస్తుండగానే. అదే మలుపులో నర్సవ్వ నిండు బకెట్‌తో ఎదురొచ్చింది. కౌసల్య మొగుణ్ణి చేయి పట్టి లాగి, తానూ బాట దిగి, గన్నేరు కిందికి ఒదిగింది.

"నువ్వు పో నర్సవ్వా. బరువుతోని ఉన్నవు."

నర్సవ్వ ఆగలేదు. బండల నడుమనుంచి తొణకకుండా నడిచిపోయింది. దాటాక ఒక్కసారి వెనక్కు తిరిగి చూసింది. అంతే.

ఇది మనసులో పెట్టుకోండి. మీ పిల్లలను ఏ పార్కుకైనా నడిపించుకొని పోయినప్పుడు, నాలుగడుగులు వేస్తూ చెప్పండి. దొర పేరు మరిచిపోతే మరిచిపోండి. నర్సవ్వ పేరు మాత్రం పూర్తిగా పలకండి.