రమ్మనే మలుపు

మీరేం చూశారో ముందు అది చెప్పండి. నీళ్ళు నమలొద్దు. రాత్రి పూట ఆ కొండ పక్క మలుపు తిరిగినవాళ్ళు రెండే రకాలు — చూసి చెప్పినవాళ్ళు, చూసి నోరు మూసుకున్నవాళ్ళు.

దాన్ని రమ్మనే మలుపు అంటారు. ఒక పక్క నిలువునా తొలిచేసిన రాతి గోడ, ఇంకో పక్క లోతైన కాలువ. మధ్యలో రోడ్డు నడుం విరిగినట్టు తిరుగుతుంది. అక్కడ చీకట్లో ఒక మనిషి నిలబడి చెయ్యి ఊపుతాడని చెప్పుకుంటారు. రా... రా... దారి ఖాళీగానే ఉంది, రా... అన్నట్టు. నమ్మి వెళ్ళినవాడు దేన్నో ఒకదాన్ని గుద్దుకుంటాడు. మొండి డ్రైవర్లు కూడా ఆ మలుపు ముందు పాట కట్టేసి, నోరు మూసుకుని బండి తిప్పుతారు.

దెయ్యమంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. దెయ్యాల సంగతి నాకు తెలీదు కానీ మనుషుల్ని చూశాను. భయమంటూ వేస్తే మనుషుల్ని చూసే వేసింది. విన్నది విన్నట్టు చెప్తాను, వినండి.

ఆ రోడ్డు మీద గుంతలు పూడ్చే లారీ ఒకటుండేది. పగలు బళ్ళ రద్దీ ఎక్కువని, పని రాత్రిళ్ళే. లారీని రోడ్డు వారన ఆపుకుని, కంకర దింపి, తారు పోసి, చదును చేసుకుంటూ ముందుకి జరుగుతారు. ఆ లారీ నడిపే డ్రైవరు నోట్లో నాలుక లేని మనిషి. అతని మామ, అంటే భార్య తండ్రి, అదే ముఠాలో జెండా మనిషి. లారీ వెనక దూరంగా నిలబడి, వచ్చే బళ్ళని చెయ్యెత్తి ఆపడం ఆయన పని. జీవితమంతా అదే చేశాడు. చివరికి ఆ మలుపులోనే ఒక బస్సు కింద పోయాడు.

ఆ రాత్రి జల్లు పడుతోంది. తెల్లారి ఇంటికి వేసుకెళ్ళడానికి పొడి చొక్కా ఒక్కటే ఉందని, దాన్ని విప్పి లారీలో దాచుకుని, బనీనుతో నిలబడ్డాడు. బస్సువాడికి కనిపించలేదు. విచారణ జరిగింది. విచారణంటే ఎంతసేపు — టీ చల్లారేలోపు అయిపోయింది. వెలుతురు పడితే మెరిసే కోటు వేసుకోకుండా చీకట్లో నిలబడ్డాడు కాబట్టి తప్పు చచ్చినవాడిదే అని తేల్చారు. ఆ కోటు ఆయనకి ఇవ్వాల్సినవాడు ఎవడని ఒక్క నోరూ అడగలేదు. చచ్చినవాడికి నోరుండదు కదా, తప్పు మొయ్యడానికి వాణ్ణి మించినవాడు దొరకడు.

చెయ్యి ఊపే మనిషి కథ ఆ తర్వాతే మొదలైంది. చేసేది ఆ జెండా ముసలాడే అన్నారు జనం. డ్రైవరు భార్య మాత్రం ఆ మాట గడప లోపలికి రానిచ్చేది కాదు. బతికినన్నాళ్ళూ బళ్ళని ఆపిన మనిషి, చచ్చాక గుద్దిస్తాడా అని పొయ్యి ముందు కూర్చుని తనలో తనే గొణుక్కునేది. ఈ కథలు పుట్టక ముందే, తండ్రి పోయిన కొత్తలో, ఆమె డ్రైవర్ని ఒక కోరిక కోరింది. అదేమిటో తర్వాత చెప్తాను.

అలా ఉండగా... మందుల షాపు నడుపుకునే ఒకాయన కారు వచ్చింది.

ఆయనా, పక్కన ఆయన భార్యా. లారీ మలుపులో ఆగి ఉంది, ముఠా ముందు వైపున పనిలో ఉంది. కారు వచ్చి లారీ వెనక భాగంలోకి దూరిపోయింది. ఆయన చెయ్యి విరిగింది. ఆవిడకి నడుము కింద స్పర్శ పోయింది. ఆస్పత్రి మంచం మీద పడుకుని, నా కాళ్ళ మీద దుప్పటి కప్పారా అని అడుగుతుందట. కప్పే ఉంటుంది.

ఇక తప్పెవరిదన్న పంచాయితీ. లారీదైతే ఆవిడ వైద్యం లారీ యజమాని, అంటే కాంట్రాక్టరు భరించాలి. కారుదైతే ఆ మొగుడూ పెళ్ళాలు మట్టి కొట్టుకుపోవాలి.

డ్రైవరు పోలీసుల ముందు చెప్పిన మాట ఒకటే. లారీ వెనక లైటు గిరగిరా తిరుగుతూ వెలుగుతోంది. ఆ మాట అతని నోట్లో పెట్టింది కాంట్రాక్టరు. "లైటు లేదన్నావో, లైటు లేని బండి రోడ్డెక్కించింది నువ్వే అవుతావు. లైసెన్సు పోతుంది, జైలుకి పోతావు. ఆలోచించుకో అల్లుడూ" అన్నాడు. అవసరమొస్తే అందరూ అల్లుళ్ళే వాడికి. గుద్దిన దెబ్బకి లారీ వెనక భాగం పచ్చడైపోయింది, లైటుందో లేదో చూసి చెప్పే దారీ లేదు.

మందుల షాపాయన చెప్పింది వేరు. లైటు లేదు. ఒక మనిషి ఉన్నాడు. చెయ్యి ఊపి రమ్మన్నాడు.

ఆ రెండో మాటతో ఆయన మొదటి మాట కూడా చెడింది. తాగి నడిపాడన్నారు. నిద్రపోయాడన్నారు. పెళ్ళాన్ని మంచాన పడేసి దెయ్యం మీదకి తోస్తున్నాడన్నారు.

తప్పు తేల్చడానికి బీమా కంపెనీ ఒక ఆవిణ్ణి పంపింది. తల నెరిసిన మనిషి, మాట తక్కువ. ఆఫీసులో కూర్చుంటే ఇద్దరూ ఇవే మాటలు చెప్తారు, రోడ్డు మీదకి పదండి అంది. అదే మలుపు, అదే చీకటి, అలాంటిదే ఇంకో లారీ. లైటు ఆర్పేయమంది. ఆయన చెప్పినట్టే చూద్దాం, మనిషి కనిపిస్తాడో లేదో తేలుతుంది అంది. మందుల షాపాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, కారు తనే నడుపుతూ మలుపు అవతలికి వెళ్ళిపోయింది. వెళ్తూ డ్రైవరుతో అంది — "ఆ రాత్రి ఎలా ఉందో అచ్చం అలాగే పెట్టు బాబూ. ఏదీ మర్చిపోకు."

డ్రైవరు ఒక్కడే మిగిలాడు. గాలి లేచింది. కొండ రాళ్ళ మధ్య ఏదో ఈల వేసినట్టు...

లారీని వారన ఆపాడు. వెనక నాలుగు ఎర్ర కోన్లు పెట్టాడు. తర్వాత అతని చేతులు, అతన్ని అడక్కుండానే, ఎప్పుడూ చేసే పని చేసుకుపోయాయి.

మలుపు అవతల వెలుగు లేచింది. రాతి గోడ మీద పాకింది. కారు తిరిగింది — బ్రేకు కీచుమంది. కోన్లలో రెండు ఎగిరి కాలువలో పడ్డాయి. లారీకి జానెడు దూరంలో ఆగింది.

ఆవిడ దిగింది. మందుల షాపాయన కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని కళ్ళతో చూపించాడు. వాడే. వాడే మేడమ్.

డ్రైవరు తలెత్తి చూశాడు. అతనికి అక్కడ మనిషి కనిపించలేదు. కోటు కనిపించింది.

లారీ పక్కనే కంకర గుట్టలో గుచ్చిన పార. పార పిడికి తొడిగిన మెరిసే కోటు. గాలికి కుడి చెయ్యి లేచి, లోపలికి ముడుచుకుని, మళ్ళీ లేస్తోంది. రా... రా...

భార్య కోరిన కోరిక అదే. ముసలాయన పోయాకే ముఠాకి కోట్లు వచ్చాయి, చచ్చినవాడి పుణ్యమా అని. నాన్నకి అప్పుడివ్వలేదుగా, ఆ మలుపులో ఆగినప్పుడల్లా ఆయనకో కోటు తగిలించయ్యా అంది. తగిలించాడు. ముఠా అలవాటు పడింది. మామ డ్యూటీ ఎక్కాడు, ఇక మనం నడుం వాల్చొచ్చు అని నవ్వుకునేవాళ్ళు. లారీ వెనక లైటు మాడిపోయి కొత్తది అడిగితే, కాంట్రాక్టరు కూడా ఆ జోకే వేశాడు. మీ మామ ఉన్నాడుగా, మళ్ళీ లైటెందుకు?

నవ్వారు. అందరూ. డ్రైవరు కూడా.

మందుల షాపాయన ఆ కోటు అంచు వేళ్ళతో పట్టుకుని రోడ్డు మీద కూలబడ్డాడు. నేను తాగలేదు మేడమ్... నిద్రపోలేదు... అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

డ్రైవరు తన చేతుల వంక చూసుకున్నాడు. దెయ్యం లేదు. ఎప్పుడూ లేదు. ఆ దెయ్యాన్ని పార మీద తొడిగింది తన చేతులే.

ఆవిడ అతని దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "లైటు గిరగిరా తిరుగుతుంటే ఈ కోటు ఇలా కనిపించదు. నిజం చెప్పు. వెలిగిందా?"

జైలు గుర్తొచ్చింది. పొయ్యి ముందు కూర్చునే భార్య గుర్తొచ్చింది.

"వెలిగిందమ్మా" అన్నాడు.

ఆవిడ కారు వైపు తిరిగింది. అయితే ఇంకొక్కసారి వస్తానంది. కోటు లేకుండా. కోటు తీసేస్తే లారీ దూరం నుంచే కనబడుతుందనుకో, గుద్దించింది నువ్వు తగిలించిన కోటే. తీసేసినా కనబడకపోతే తప్పు లైటుది, అది పెట్టించాల్సినవాడిది. రోడ్డు మీద ఎవరూ ఉండకూడదు, క్యాబిన్‌లో కూర్చుని తలుపు వేసుకో, అంది.

కారు వెళ్ళిపోయింది. డ్రైవరు కోటు మడిచి, క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఒళ్ళో కోటు. అద్దం మీద జల్లు మొదలైంది. వెనక ఏముందో చూపించే పక్క అద్దంలోకి చూడాలనిపించింది. చూడలేదు.

వెలుగు లేచింది. గోడ మీద పాకింది. అతను కళ్ళు మూసుకుని, గుద్దే చప్పుడు కోసం పళ్ళు బిగించాడు...

చప్పుడు లేదు.

కళ్ళు తెరిచాడు. కారు అంత దూరాన, మలుపు మొదట్లోనే, మెల్లగా ఆగిపోయి ఉంది. ఇంజను కూడా కట్టేశారు. జల్లులో ఆవిడ అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. క్యాబిన్ తలుపు లాగింది.

"నీకు మతి ఉందా? రోడ్డు మీద ఎవరూ ఉండొద్దన్నానా లేదా? కొంచెంలో చచ్చేవాడివి. కోటు తీసెయ్యమంటే చొక్కా కూడా విప్పేసి, ఆ బనీనుతో వానలో..."

ఆగిపోయింది.

డ్రైవరు ఒంటి మీద గళ్ళ చొక్కా. మెడ దాకా బొత్తాలు. చుక్క తడి లేదు.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది. జల్లు పడుతోంది.

"ఏం చేశాడమ్మా?" అన్నాడు డ్రైవరు. గుసగుసలాడినట్టు. "రమ్మన్నాడా?"

ఆమె వెనకే వచ్చిన మందుల షాపాయన బాగున్న చెయ్యి పైకెత్తి, అరచెయ్యి తెరిచి, ముందుకి చాపి చూపించాడు. ఆగు. అక్కడే ఆగు.

డ్రైవరు ఆ అరచేతిని చూశాడు. ముసలాయన చేసిన పని ఊళ్ళో తెలీనిదెవరికి? కానీ అలా భుజం కొంచెం వంచి, వేళ్ళు విడదీసి ఆపడం... అది ఆయన్ని చూసి నేర్చుకోవాల్సిందే. మందుల షాపాయన ముసలాయన్ని ఎప్పుడూ చూడలేదు.

బనీనుతో. కోటు లేకుండా. తప్పు నీదేనని తేల్చి పంపించినా, ఇన్నేళ్ళుగా వానలో నిలబడి, డ్యూటీ దిగకుండా. తను తగిలించిన కోటు రమ్మని ఊపుతుంటే, దాని వెలుగు వెనక ఈ చెయ్యెత్తిన మనిషి ఎవరికి కనిపిస్తాడు?

డ్రైవరు లారీ దిగాడు. కోటు మడత విప్పి, మందుల షాపాయన తడిసిన భుజాల మీద కప్పాడు.

"లైటు లేదమ్మా" అన్నాడు. "ఎన్నాళ్ళ నుంచో లేదు. నాకు తెలుసు. రాసుకోండి."

రాసుకుంది. ఆగమన్న మనిషి గురించి మాత్రం రాయలేదు. ఎలా రాస్తుంది? కాంట్రాక్టరు పెద్ద వకీలుని పెట్టాడు. లైటు లేదని తెలిసీ బండి తీసింది డ్రైవరే, కోటు తగిలించిందీ డ్రైవరే అంటున్నాడు. డ్రైవరు కాదనడం లేదు. నా వంతు నేను మోస్తాను, నీ వంతు నువ్వు మొయ్యి అంటున్నాడు. లైసెన్సు పోయింది. కేసు నడుస్తూనే ఉంది. మందుల షాపాయన భార్య ఇంకా మంచం మీదే ఉంది.

మలుపు మీకు తెలిసిందే. ఇప్పుడక్కడ కోటు లేదు, లారీ లేదు. పని కూడా ఆపేశారు.

అందుకే మొదట్లోనే అడిగాను. అందరూ రమ్మన్నాడనే చెప్తారు, పక్కవాడు చెప్పాడని. మీరు మీ కళ్ళతో చూసింది చెప్పండి, ఆ ముసలాయన కూతురు వినాలి. ఆ చెయ్యి మిమ్మల్ని రమ్మందా... ఆగమందా?