పక్క మంచం మనిషి

మరో కడవ చన్నీళ్ళు చంద్రమ్మ నెత్తిన పడ్డాయి. ఆమె అరవలేదు. కనీసం వణకలేదు. వాకిట్లో నిలబడ్డవాళ్ళను భయపెట్టింది అదే.

పుష్యమాసపు తెల్లవారుజాము. గరిడేపల్లి మడుల మీద మంచు ఇంకా విడలేదు. పీట మీద కూర్చున్న చంద్రమ్మ జుట్టులోంచి నీళ్ళు కారి, మెడ మీది ఎర్రటి గీత దాటి, రవికలోకి దిగుతున్నాయి.

"సూసిండ్రా? మనిషైతే వణకదా?" మోతె నుంచి వచ్చిన మంత్రగాడు వేపమండ ఆడించాడు. "ఇది నీ కోడలు కాదు జంగమ్మా. దవాఖానల పక్క మంచం మీద పానం ఇడిసిన ఆడిది. నీ కోడలి మెడ కోసినప్పుడు సందు దొరికింది, లోపలికి సొచ్చింది."

చంద్రమ్మ అత్త జంగమ్మ రెండు చేతులూ జోడించింది. "ఎట్లనన్న చేసి దాన్ని ఎళ్ళగొట్టు అయ్యా. నా కోడలు నాకు గావాలె."

చంద్రమ్మ భర్త సైదయ్య ఇంకో కడవ ఎత్తాడు. వంచకుండా ఆగాడు. "ఇంక పొయ్యాల్నా?"

"అది పొయ్యేదాక పొయ్యాలె."

చంద్రమ్మ మొదటి నుంచీ ఇలా లేదు. ఆమె గొంతు మీద నిమ్మకాయంత మొదలైన గడ్డ, రజాకార్ల గొడవల్లో దవాఖానకు పోయే దారిలేక, కొబ్బరికాయంత అయింది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. పోలీస్ చర్య అయ్యాక దారులు తెరుచుకున్నాయి. కోదాడలో ఉండే ఆమె అన్న జానయ్య, సైదయ్యను కూడా వెంటబెట్టుకుని, బెజవాడ అవతల ఒక మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయి ఆపరేషన్ చేయించాడు. తిరిగొచ్చిన చంద్రమ్మ ఆ వానాకాలం నాటు వేస్తూ పాటలు కూడా పాడింది.

దసరా దాటాక మొదలైంది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడేది. కనుబొమలు కొసల నుంచి రాలిపోయాయి. ముఖం ఉబ్బింది. మిట్టమధ్యాహ్నం కూడా పొయ్యి పక్కనే కూర్చునేది. చేతిలో ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయేది. ఒక సాయంత్రం జంగమ్మ "చంద్రమ్మా" అని పిలిస్తే ఆ ఉబ్బిన ముఖం నెమ్మదిగా ఇటు తిరిగి, ఈమె ఎవరా అన్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత "ఏందత్తా" అంది. ఆ గొంతు చంద్రమ్మది కాదు. కుండలో నోరుపెట్టి మాట్లాడినట్టు మందంగా, బొంగురుగా ఉంది.

ఆపరేషన్ అయిన రోజు పక్క మంచం మీద ఒక ఆడమనిషి చనిపోయిందని సైదయ్య చెప్పిన మాట జంగమ్మకు అప్పుడే గుర్తొచ్చింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ దీపం ఆర్పి పడుకోలేదు.

సైదయ్య కడవ వంచబోయాడు. వెనక నుంచి ఒక చెయ్యి దాన్ని పట్టుకుంది.

"ఏం చేస్తున్నావ్ బావా? బుద్ధుందా?"

జానయ్య! మిర్యాలగూడ, కోదాడ మధ్య తిరిగే బస్సులో అతను కండక్టరు. నిన్న కోదాడలో ఈ ఊరి మనిషి కనబడి 'నీ చెల్లెకు దయ్యం పట్టిందట' అంటే, డ్యూటీ ఇంకొకడికి అప్పగించి వచ్చేశాడు.

చెల్లెలి చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడ్డాడు. బావి గిలకలా చల్లగా ఉంది. ఆమెను లేపి, లోపలికి నడిపించి, తడి చీర మార్పించమని జంగమ్మకు చెప్పాడు. గొంగడి కప్పి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు.

"అన్నా..." చంద్రమ్మ మాట ఒక్కొక్కటే వచ్చింది. "నేను... నేనేనా? వీళ్ళు కాదంటున్నరు. నాగ్గూడ ఎరుకైతలేదు."

జానయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాటలు ఒక్కొక్కటే చెవుల్లో మోగాయి. ఆపరేషన్ తర్వాత రోజూ వేసుకోవాల్సిన మాత్రలు ఆగితే ఒళ్ళు చల్లబడుతుంది. ముఖం ఉబ్బుతుంది. గొంతు మారుతుంది. మనసు మసకబారుతుంది.

"అత్తా, బిళ్ళలు వేస్తున్నారా లేదా?"

"అయ్యో, ఒక్కనాడు తప్పలే. పొద్దుగాల్నే నా చేత్తోని ఇస్త. కన్నతల్లి లెక్క సూసుకుంటున్న జానయ్యా." జంగమ్మ దీపపు గూట్లోంచి సీసా తెచ్చింది.

జానయ్య ఒక బిళ్ళ అరచేతిలో వేసుకుని వాసన చూశాడు. తాను తెచ్చిచ్చిన మాత్రలు ఎండుమాంసం వాసన కొట్టేవి. ఇది కొట్టడం లేదు. నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పగా, చల్లగా కరిగిపోయింది.

"సోడా బిళ్ళ!"

"ఏందీ?"

"అరగక కడుపు ఉబ్బినప్పుడల్లా నేను మింగేదే. మిర్యాలగూడలో ఏ అంగట్లో అడిగినా ఇస్తారు. సీసా నేనిచ్చిందే. లోపలున్నవి కావు. ఎవరో మార్చారు."

గుమ్మంలోకి తొంగిచూస్తున్న మంత్రగాడు వెంటనే అందుకున్నాడు. "నేను జెప్పలే? మార్చింది గూడ ఆ పీడనే."

"ఓహో, దయ్యం మిర్యాలగూడ పోయి సోడా బిళ్ళలు కొనుక్కొచ్చిందా? నడిచి వచ్చిందా, బస్సెక్కిందా? బస్సయితే టికెట్ నేనే కొట్టుంటాను. మొహం గుర్తుపడతా, ఉండు."

వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మంత్రగాడు వేపమండ అక్కడే వదిలేసి మెల్లగా జారుకున్నాడు.

జానయ్య చొక్కా లోపలి నుంచి, ముందే తెప్పించి పెట్టిన కొత్త సీసా తీశాడు. ఒక బిళ్ళ చెల్లెలి నోట్లో వేసి నీళ్ళు తాగించాడు.

"ఇది రోజూ పడితే మనిషవుతుంది. పడకపోతే ఈ చలికాలం దాటదు. ఈ ఒంటితో బస్సు కుదుపులకు కోదాడ దాకా తీసుకుపోలేను. ఇక్కడ వదిలేసి పోనూ లేను. పాత సీసా ఎవరి చేతిలో ఖాళీ అయిందో తేలాలి. తేలకపోతే ఇదీ అంతే."

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న సైదయ్య ఒక్కసారిగా లేచాడు.

"అవేం బిళ్ళలో ఎరుకనా నీకు? గొర్రె మెడల ఉండే గసుమంటి గడ్డనే ఎండబెట్టి, దంచి చేస్తరట! డాక్టరమ్మనే చెప్పింది. కోసి తీసిందాన్నే మళ్ళ తినిపిస్తరా? మడిల తుంగ పీకుతం. ఏరుకు ఇసుమంత కాయ మిగిలితే సాలు, మళ్ళ మడంత తుంగనే. నువ్వేమో రోజొక ఇత్తనం ఏస్తున్నవ్. అది మళ్ళ మొలిస్తే? మళ్ళ ఊపిరాడక ఇది తన్నుకుంటుంటే నేను సూడాల్నా?"

జానయ్య అతని వంక తదేకంగా చూశాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ భయం నాకూ ఉండింది బావా. మళ్ళీ పెరుగుతుందా అని అడిగాను. కొంత మిగిల్చి కోస్తే పెరగొచ్చంది డాక్టరమ్మ. చెల్లికి మొత్తం తీసేశారు. మొలవడానికి వేరే లేదు. గడ్డ లేచిన ఆ గ్రంథి ఒంట్లో పొయ్యిలాంటిది. పొయ్యి పోయింది కాబట్టి రోజూ ఇంత నిప్పు బయట నుంచి తేవాలి. ఈ బిళ్ళ ఆ నిప్పు. దీంతో ఏదీ మొలవదు. ఇది లేకపోతేనే మనిషి ఆరిపోతుంది."

సైదయ్య వాకిట్లో పడి ఉన్న కడవ వైపు చూశాడు, తర్వాత తన చేతుల వైపు.

జంగమ్మ కొడుకు ముఖం చూసింది. ఆమెకు అర్థమైపోయింది. ముందుకొచ్చి నిలబడింది.

"నేనే మార్చిన."

"అత్తా!"

"అవునయ్యా, నేనే. సీసా నా దగ్గర్నే ఉంటది గద, ఇంకెవరు మారుస్తరు?"

"నీ చేత్తో మందిస్తున్నానని చెప్పి, ఆ చేత్తోనే చంపుతున్నావా? కన్నతల్లి లెక్క అన్నావే ఇందాక!"

"ఏమన్నా పడత. తిర్మలగిరిల మా తమ్ముడున్నడు, గాడికి పోత. మళ్ళ ఈ గడప తొక్క. ఆ సీసా మాత్రం ఈడ పెట్టు కొడుకా. పిల్ల బతకాలె."

దండెం మీది చీర లాగి భుజాన వేసుకుంది. సైదయ్య తలెత్తలేదు. అమ్మను ఆపలేదు. జంగమ్మ ఒక్కసారి గూటి వైపు చూసి గుమ్మం వైపు నడిచింది.

"అత్తా... ఆగు."

పొయ్యి దగ్గర గొంగడి కదిలింది. చంద్రమ్మ గోడ పట్టుకుని లేచింది.

"నువ్వు కాదు. ఒకనాడు పొద్దుపొద్దున లేసి సూసిన. గూటి కాడ ఒక మనిషి. బిళ్ళలు దోసిట్ల పోసుకొని, బాయిల ఒంపిండు. ఏడుసుకుంట ఒంపిండు." ఆమె ఊపిరి తీసుకుంది. "గది నేను సూసిన్నో, నాల ఉన్నది సూసిందో ఎరుకలేకపాయె. మీరంత దయ్యమంటే, గదే సూపించిందనుకున్న. గిప్పుడు తెలిసింది. సూసింది నేనే."

"ఎవరమ్మా?" అన్నాడు జానయ్య. "చెప్పు."

సైదయ్య కూలబడ్డాడు. రెండు చేతుల్లో ముఖం దాచుకుని, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

చంద్రమ్మ వెంటనే చెప్పలేకపోయింది. పెళ్ళయిన రోజు ఆడబిడ్డలు గడప దగ్గర అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటే, సిగ్గుతో ఒక్కసారి గొణిగింది. అంతే. తర్వాత ఏనాడూ ఆ పేరు పలకలేదు. అత్తతో 'నీ కొడుకు' అనేది, అన్నతో 'మీ బావ' అనేది. ఇప్పుడు ఆ మాటల్లో ఏది అన్నా నేరం ఇంకొకరికి కూడా అంటుతుంది. నీ కొడుకు అంటే అత్త తలదించుకోవాలి. మీ బావ అంటే అన్న.

ఆమె గోడ వదిలింది. జానయ్య చేతిలోని కొత్త సీసా తీసుకుంది. మెల్లగా నడిచి వెళ్ళి, ఏడుస్తున్న భర్త ఎదుట కూర్చుని, అతని తడి చేతులు ముఖం మీంచి తీసి, వాటిలో ఆ సీసా పెట్టింది. ఆ మందపు గొంతుతోనే, వాకిట్లోని వాళ్ళందరికీ వినబడేటట్టు చెప్పింది.

"మార్చింది సైదయ్య. ఇగ రోజు నా నోట్ల ఏసేది గూడ సైదయ్యనే."