రజిత ఎంచిన నాలుగు టైర్లు

దసరా మర్నాడు పొద్దున్నే మారేడ్‌పల్లిలోని కల్పలత ఆఫీసుకి వచ్చిన అమ్మాయి, కూర్చోమంటే కూర్చోలేదు. పేరు రజిత. తండ్రి పోయాక మెట్టుగూడలో ఆయన టైర్ల కొట్టు తనే నడుపుతోంది. ఎంత కడిగినా పోని రబ్బరు నలుపు ఆమె అరచేతుల గీతల్లో ఉంది. తెచ్చిన కాగితాన్ని బల్ల మీద పెట్టి, దీని మీద సాయంత్రం ఐదింటిలోగా సంతకం చేయమంటున్నారని చెప్పింది. 

"నేను పెట్ట మేడమ్. పెడితే నా టైర్లు తప్పని నేనే ఒప్పుకున్నట్టు గద."

కల్పలతకు యాభై రెండేళ్లు. ఇరవై ఏళ్లు బీమా సంస్థల తరఫున గుద్దుకున్న కార్లను పరీక్షించింది. అడిగినట్టు రిపోర్టు రాయడం చేతకాక ఆ పని మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఆమె సహాయకుడు బాబ్జీది విజయనగరం. మేడమ్ కూడా పొరబడవచ్చుననే ఆలోచన అతనికి ఇంతవరకూ రాలేదు.

కాగితాన్ని బాబ్జీ పైకి చదివాడు. "రోనాల్డ్ గారి కారుకు పనికిరాని టైర్లు ఎంచి, వాటిలో ముప్పై ఆరు పాయింట్ల గాలి నింపి, ప్రమాదానికి నేనే కారణమయ్యాను. ఇకపై క్లబ్బు సభ్యుల కార్లు ముట్టను." నగరంలోని తేలికపాటి స్పోర్ట్స్ కార్ల క్లబ్బు పేరుతో, దాని కార్యదర్శి తిరుమల్ రాసి పంపిన ఉత్తరం అది. నిన్న పదకొండు గంటలకు రజిత ఫోనుకు వచ్చింది. దాన్నే ఆమె ప్రింటు తీయించి తెచ్చింది. సంతకం చేయకపోతే, ఆమె టైర్ల వల్ల ఒక మనిషి చావు దాకా వెళ్లివచ్చాడని ఊళ్లో ప్రతి గ్యారేజీకీ చెబుతారట. టైర్ల కొట్టు నడిచేదే నోటిమాట మీద. ఆ మాట పోతే కొట్టుకి తాళం వేసుకోవాల్సిందే.

ఆ టైర్లే ఎందుకు ఎంచావని కల్పలత అడిగింది. రజిత అప్పుడు కూర్చుంది. ఆ కారు బరువు ఆరు వందల కిలోలే. బేగంపేటలో పెద్ద టైర్ల షోరూం ఉన్న తిరుమల్ దానికి వెడల్పాటి రేసు టైర్లు వేయమన్నాడు. అవి బాగా వేడెక్కితే తప్ప రోడ్డును పట్టవు.

"గంత తేలిక బండి కింద అవి వేడెక్కేదెప్పుడు మేడమ్? రాయి లెక్క ఉంటయి. అందుకే సన్నటివి, మెత్తటివి ఎంచిన. సల్లగున్నప్పుడు సుత పట్టేటివి. గాలి ఇరవై పాయింట్లే పెట్టిన. ముప్పై ఆరు అన్నది అబద్ధం."

ముగ్గురూ మౌలాలి వెళ్లారు. రోనాల్డ్ రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. రైల్వే కాలనీ పక్కనే సొంత ఇల్లు. పెరట్లోని షెడ్డులో మూడేళ్లు కష్టపడి, రెండు సీట్ల ఓపెన్ కారును తన చేతులతో తయారు చేసుకున్నాడు. ఇప్పుడు ఎడమ భుజానికి కట్టుతో వచ్చి తలుపు తీశాడు. రజిత ముఖం చూడలేక కల్పలతతోనే మాట్లాడాడు.

ఆయన చెప్పింది ఇది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషే అయినా, వర్క్‌షాపు అలవాటు కొద్దీ ఆయన ఏ దసరాకూ ఆయుధపూజ మానలేదు. నిన్న పొద్దున్నే కార్లు కడిగే తుకారాం బండి కడిగి వెళ్లాడు. ఎనిమిదిన్నరకి, తిరుమల్‌తో సహా క్లబ్బు వాళ్లు వచ్చాక పూజ. రజితే బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. వాటిని తొక్కించి కారును పెరట్లోనే నాలుగు బారలు ముందుకు నడిపి ఆపారు. తరువాత అందరూ లోపలికి వెళ్లి పులిహోర తిన్నారు. అరగంట తరువాత రోనాల్డ్ ఒక్కడే కారు తీశాడు. గుట్ట దగ్గరి మొదటి మలుపులో, పొడి రోడ్డు మీద, నెమ్మదిగా పోతున్న బండి వెనకభాగం జారి గోడకు తగిలింది. మడ్‌గార్డు వంగింది తప్ప కారుకు పెద్దగా ఏమీ కాలేదు. విరిగింది ఆయన కాలర్ ఎముకే. పది గంటలకు బండిని తెచ్చి షెడ్డులో పెట్టారు. షెడ్డుకు తాళం వేశాకే ఆయన ఆస్పత్రికి వెళ్లాడు; అప్పటినుంచి దాని తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

టైర్లు తప్పని మీరు అనుకుంటున్నారా అని కల్పలత సూటిగా అడిగింది.

"నాకు తెలియట్లేదు మేడమ్," అన్నాడు రోనాల్డ్. "అవి పట్టుకోలేదు. అంతే తెలుసు."

రజిత పెదవి కొరుక్కుంది. ఆ మాట తిరుమల్ ఉత్తరం కన్నా ఎక్కువ నొప్పించిందని చూస్తే తెలుస్తూనే ఉంది.

షెడ్డు తెరిచారు. కల్పలత బ్యాగులోంచి గేజీ తీసి నాలుగు టైర్లలో గాలి కొలిచింది. నాలుగింట్లోనూ సరిగ్గా ముప్పై ఆరు.  రజిత తెల్లబోయి, దేవుని తోడు ఇరవయ్యే పెట్టినానంది. రోనాల్డ్ తల దించుకున్నాడు. కల్పలత ఎవరినీ పట్టించుకోకుండా టైరు ముందు గొంతుకూర్చుని, నేలను తాకే భాగం మీద బాబ్జీని వేలు పెట్టి రుద్దమంది.

"ఇదేటి మేడమ్, ఇలా జారిపోతంది?"

టైర్ల పక్కభాగాలకు పూసి నిగనిగలాడించే పాలిష్ ఇక్కడ నేలను తాకే భాగానికీ పట్టి ఉంది. కారు కాస్త దూరం నడిచినందువల్ల పైన కొంత చెరిగింది కానీ, గాడుల్లో బాగా మెరుస్తోంది. ఒక గాడిలో నలిగిన నిమ్మతొక్క ఇరుక్కుని ఉంది. కల్పలత దాన్ని పిన్నుతో లాగి గోటితో గీకింది. పైన నల్లటి నిగారింపు, లోపల పసుపు. దాన్ని కాగితంలో మడిచి పెట్టుకుంది.

తుకారాం పక్క వీధిలోనే దొరికాడు. పాలిష్ మాట ఎత్తగానే ముసలాయన బెదిరిపోయాడు. ముప్పై ఏళ్లుగా కాలనీ కార్లు కడుగుతున్నాడు, పాలిష్ డబ్బా అతని సంచిలోనే ఉంది. ఏ తప్పు జరిగినా తన మీదికే వస్తుందని అతనికి అనుభవం.

"పక్కలకే పూస్తనమ్మా. భూమికి తాకే కాడ పూస్తే మనిషి సస్తడని నాకు తెల్వదా? ఏడు గొట్టంగ పని అయిపోయింది, ఎల్లిపోయిన."

బేగంపేట షోరూంలో తిరుమల్ చల్లటి నీళ్లిచ్చి మర్యాదగానే మాట్లాడాడు. రజిత మంచి పిల్లే కానీ చదువు లేదని జాలిపడ్డాడు. కారు దగ్గరకు వెళ్లారా అని కల్పలత అడిగింది.

"పూజప్పుడు దండం పెట్టిన. ముట్టలే."

"పులిహోర తినేటప్పుడు?"

"ఫోన్ వస్తే బయట నిలబడ్డ. మాట్లాడుడే సరిపోయింది."

"ప్రమాదం తర్వాత టైర్లలో గాలి కొలిచారా?"

"ఎట్ల కొలుస్త మేడమ్? షెడ్డుకు తాళం ఉండె."

"వేరే ఎవరైనా కొలిచి మీకు చెప్పారా?"

"ఎవరు జెప్పలే. రోనాల్డ్ సార్ హాస్పిటల్ల ఉండె గద."

కల్పలత కృతజ్ఞతలు చెప్పి లేచింది. దారి పొడుగునా బాబ్జీ ఏదో చెబుతుందని చూశాడు. ఆమె మాత్రం ట్రాఫిక్ చూస్తూ కూర్చుంది.

నాలుగున్నరకి రోనాల్డ్ పెరట్లో క్లబ్బు సభ్యులు ఆరుగురు చేరారు. తిరుమల్ పెన్ను కూడా తెచ్చాడు. రజిత చేతులు కట్టుకుని కారు పక్కన నిలబడింది. తుకారాం గేటు దగ్గరే ఆగిపోతే, కల్పలత పిలిచి కుర్చీ వేయించింది.

ఈ కారు జారింది టైర్ల ఎంపిక వల్ల కాదని ఆమె మొదలుపెట్టింది. నేలను తాకే భాగానికి ఎవరో పాలిష్ పట్టించారు. బరువైన కారైతే ఆ పూత కాస్త దూరంలోనే అరిగిపోయేది. ఇంత తేలిక కారు కింద అది మొదటి మలుపు దాకా నిలుస్తుంది. పైగా నిండా గాలి నింపడంతో మెత్తటి టైరు బిగుసుకుపోయి, రోడ్డును తాకే మేర తగ్గిపోయింది. తేలిక బండి టైర్ల సంగతి బాగా తెలిసిన మనిషి మాత్రమే చేయగల పని ఇది.

అందరి చూపులూ తుకారాం మీదికి వెళ్లాయి. కల్పలత కాగితం విప్పి నిమ్మతొక్క చూపించింది.

"తుకారాం పాలిష్ చేసి ఏడింటికే వెళ్లాడు. నిమ్మకాయలు తొక్కించింది ఎనిమిదిన్నర దాటాక. అతని పూత అయితే తొక్క కింద ఉండాలి. ఇది తొక్క మీద ఉంది. అంటే పూజ అయ్యాక, మీరంతా లోపల తింటున్నప్పుడు పూశారు. ఈ కారును ఒక్క మనిషి అటూ ఇటూ నెట్టుకుంటూ టైరు చుట్టూ పూసేయొచ్చు. పూజ చేసిన బండికి టైర్లు మెరుస్తుంటే ఎవరికీ అనుమానం రాదు. ఆ అరగంట బయట ఉన్నది ఒక్కరే."

ఫోను మాట్లాడితే నేరమా అన్నాడు తిరుమల్.

"కాదు. మీ ఉత్తరం చదవండి. గాలి ఎన్ని పాయింట్లని రాశారు?"

ముప్పై ఆరని అతను చదివాడు. 

"రజిత పెట్టింది ఇరవై. పది నుంచి షెడ్డుకు తాళం. మీరు కొలవలేదు, ఎవరూ చెప్పలేదు, ఆ మాట పొద్దున మీరే నాతో అన్నారు. నేను గేజీ పెట్టింది ఈ రోజు. అది ముప్పై ఆరని నిన్న పదకొండింటికే తెలిసింది, దాన్ని నింపిన వాడికి. కార్లలో పెట్టుకు తిరిగే గాలి మిషన్ ఒకటి చాలు. ఆ అమ్మాయికి గాలి పెట్టడం కూడా రాదని రాయించాలన్న తొందరలో మీ పని మీరే రాసిచ్చారు."

  తిరుమల్ లోపలి కసి బయటికొచ్చింది. ఈ క్లబ్బులో ఏ కారుకు ఏ టైరు వేయాలో ఇన్నాళ్లూ చెప్పింది తానేననీ, మెట్టుగూడ గల్లీలోని ఆడపిల్ల మాట పట్టుకుని తన మాట తీసేస్తే చూస్తూ ఊరుకోవాలా అనీ అన్నాడు. సార్‌కి దెబ్బ తగలాలని తాను అనుకోలేదన్నాడు. బండి కొంచెం జారితే చాలనుకున్నాడట.

"అయినా పాలిష్ తీసేసినా సరే, గా టైర్లు ఆ మలుపుల నిలవయి," అన్నాడు చివరికి.

పోలీసులకు ఫిర్యాదు తానే రాసిస్తానని రోనాల్డ్ చెప్పాడు. కానీ రజిత అప్పటికే బకెట్టు అందుకుంది. సబ్బునీళ్లతో, బ్రష్షుతో నాలుగు టైర్లూ తోమింది. అడగకుండానే తుకారాం వచ్చి రెండోవైపు కూర్చున్నాడు. అవి ఆరాక, గేజీ పెట్టి ఒక్కో టైరునీ ఇరవైకి దించింది.  కారు తాళంచెవి కోసం రోనాల్డ్ ముందు చెయ్యి చాచింది.

"నేను నడుపుత సార్. గదే మలుపు. అందరు చూడున్రి."

రోనాల్డ్ తాళంచెవి ఇచ్చాడు. ఇచ్చి, కట్టుతో ఉన్న భుజాన్ని జాగ్రత్తగా పట్టుకుని ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమెను అనుమానించినందుకు సిగ్గుగా ఉందని అందరి ముందే అన్నాడు. డాక్టరు ఊరుకోడని బాబ్జీ అంటే, డాక్టరుకి టైర్ల గురించి ఏం తెలుసన్నాడు.

క్లబ్బు వాళ్లంతా మలుపు దాకా నడిచి గోడ వెంట నిలబడ్డారు. వంగిన మడ్‌గార్డుతో చిన్న కారు ఇంటి వైపు నుంచి వచ్చింది. నిన్న రోనాల్డ్ వచ్చిన వేగానికి రెట్టింపు ఉంటుంది. మలుపులో బండి రోడ్డుకు అతుక్కుని తిరిగి, చప్పుడు లేకుండా అవతలికి వెళ్లిపోయింది.  కల్పలత కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆమెకు చెప్పలేనంత సంతోషంగా ఉంది.

రజిత కారు వెనక్కి తిప్పి అదే మలుపు ఇంకోసారి తీసుకుంది. తరువాత వాళ్ల ముందుకు తెచ్చి ఆపింది. సభ్యుల్లో ఒకాయన గొంతు సవరించుకుని, రేపు తన కారు మెట్టుగూడ తీసుకురావచ్చా అని అడిగాడు. మూడు నెలల కిందట తిరుమల్ దగ్గర వెడల్పాటి టైర్లు కొన్న మనిషి ఆయన.

"తీసుకరాన్రి," అంది రజిత. "కానీ టైర్లు నేనే ఎంచుత."