వెయ్యి ఓముల గోడ

ఆయన్ని అందరూ శంక మేస్త్రి అనేవారు. స్విచ్చి ఆపేశానని కట్టుకున్న భార్య చెప్పినా నమ్మడు, టెస్టరు పెట్టి చూసుకోవాల్సిందే. అనుమానం పెనుభూతమని లోకమంటుంది గానీ, ఎలక్ట్రీషియన్‌కి అదే ఆయుష్షని ఆయన వాదన.

ఆ అనుమానమే ఆయనింట్లో చిచ్చు పెట్టింది. తనతో కలిసి పనిచేసే బామ్మర్ది కిందటి వానాకాలం కనిపించకుండా పోయాడు. కరెంటు కొలిచే కొత్త మీటరూ వాడితోనే పోయింది. "మీ తమ్ముడు దాన్ని చంకనపెట్టుకుని ఉడాయించాడు" అని మేస్త్రి భార్యని దెప్పేవాడు. ఆవిడ మాత్రం ఆయన ఇంటికి రాగానే, ముందు ఆయన వెనక గుమ్మం వైపు చూసేది. తమ్ముడు వెంట రాలేదని తేల్చుకున్నాకే ఆయన మొహం చూసేది.

వాడు చివరిసారి వెళ్తానన్న ఇల్లు ఒకటుంది. "మా ఇంటికి రానేలేదు" అని ఆ ఇంటాయన అప్పట్లో ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇప్పుడు ఆయనే కబురుపెట్టాడు. ఇంట్లో అన్నీ ఆపేసినా మీటరు తిరుగుతూనే ఉందట. ఇద్దరు ఎలక్ట్రీషియన్లు వచ్చి, చూసి, కిక్కురుమనకుండా సామాను సర్దుకుని పోయారట. గతిలేక మేస్త్రిని పిలిచాడు.

మధ్యాహ్నమే అయినా వాన ముసురుకి ఇల్లంతా చీకటిగా ఉంది. మేస్త్రి బల్బులన్నీ ఊడదీశాడు, ప్లగ్గులన్నీ పీకేశాడు. ఒక్కో లైనే చూసుకుంటూ వెనకగదికి చేరాడు. అక్కడ తడి సున్నం వాసన వేస్తోంది. దాని వెనకాల సన్నగా, కాలిన రబ్బరు వాసన.

గోడలోకి దూరిన తీగకి తన పాత మీటరు తగిలించాడు. పాయింటు రెండు మూడు ఆంపియర్లు. వోల్టేజీ రెండువందల ముప్పై.

"గుణిస్తే యాభైమూడు వాట్లు," అన్నాడు పైకే. "చిన్న బల్బంత. కానీ ఇక్కడ బల్బు లేదే."

"పైవాటావాళ్లు దొంగతనంగా లాగుతున్నారేమో!" అన్నాడు ఇంటాయన గుమ్మంలోంచి. గది లోపలికి మాత్రం అడుగుపెట్టలేదు.

"భాగిస్తే నిరోధం వస్తుంది. సరిగ్గా వెయ్యి ఓములు."

ఆ మాట అంటూనే మేస్త్రి ఆగిపోయాడు. లెక్క తప్పిందేమోనని మళ్లీ భాగించాడు. వెయ్యే. బామ్మర్ది పనిలో నవ్వుతూ అనే మాట గుర్తొచ్చింది. 'తడిచేతుల మనిషంటే వెయ్యి ఓములు బావా. అంతకంటే మన విలువేం లేదు.'

"మీవాడూ ఈ గోడ దగ్గరే ఇలాగే నిలబడిపోయాడు," అన్నాడు ఇంటాయన.

మేస్త్రి నెమ్మదిగా తల తిప్పాడు. "వాడసలు రాలేదన్నారుగా?"

ఇంటాయన నీళ్లు నమిలాడు. "అబ్బే... ఇంకెవరో. మేస్త్రులంతా ఒకేలా ఉంటారు... ఆ గోడ జోలికి మాత్రం పోకండి, కొత్తగా పూత వేయించాను." అడక్కుండానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడు.

ఫ్యూజుబోర్డు గుమ్మం పక్కనే ఉంది. అందులో మిగతావన్నీ పాత తెల్ల పింగాణీ ఫ్యూజులు. వెనకగదిది మాత్రం కొత్తది, గోధుమరంగుది. మేస్త్రి దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు. బావాబామ్మర్దులు పెట్టుకున్న కట్టుబాటు అది. తీగ ముట్టుకునే ముందు ఫ్యూజు జేబులో పడాలి, ఇంకెవరూ తిరిగి పెట్టకుండా. ఒకడు అడగాలి, రెండోవాడు జవాబు చెప్పాలి. అది వినకుండా ఇద్దరిలో ఎవరూ చెయ్యి పెట్టేవారు కాదు.

ఇప్పుడు తీగలో కరెంటు ఉండకూడదు.

మీటరు చూశాడు. పాయింటు రెండు మూడు.

టెస్టరు పెట్టాడు. వెలగలేదు. వోల్టేజీ సున్నా. సున్నాని దేనితో గుణించినా సున్నా, దేనితో భాగించినా సున్నా. లెక్క ప్రకారం గోడలో ఏమీ లేదు.

పాయింటు రెండు నాలుగు... పాయింటు మూడు... గోడలో ఎవరో పిడికిలి బిగిస్తున్నట్టు అంకె పెరుగుతోంది. తీగ సన్నగా వణికింది. పూత మీద చెమ్మ చుక్కలు చుక్కలుగా పైకి తేలింది.

గోడలోంచి గుసగుస.

"బావా... ఫ్యూజు తీశావా?"

మేస్త్రికి పారిపోవాలనే అనిపించింది. కానీ ఏళ్ల తరబడి అలవాటైన నోరు ఆగలేదు.

"తీశాను రా... నా జేబులో ఉంది."

గోడలో ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. అంకె సున్నాకి పడిపోయింది.

బయటికొస్తుంటే ఇంటాయన అడ్డం వచ్చాడు. "ఏం తేలింది?"

"గోడ పగలగొట్టాలి."

"వద్దు! మీటరు తిరిగితే తిరగనీ!"

మేస్త్రి ఆయన్ని తప్పించుకుని బయటపడ్డాడు. వానలో తడుస్తూ ఇంటికొచ్చాడు. భార్య తలుపు తీసి, ఎప్పటిలాగే ముందు ఆయన వెనక్కి చూసింది. ఈసారి ఆ చూపు గుమ్మం మీదనుంచి తిరిగి రాలేదు.

"ఏంటలా చూస్తావు?" అన్నాడు.

ఆవిడ తడిసిన చొక్కా విప్పించి, అలవాటుగా జేబులు ఖాళీ చేసి బల్ల మీద పెట్టింది. ఫ్యూజు. పక్కనే ఇంకో ఫ్యూజు.

మేస్త్రి పీకింది ఒక్కటే. గోధుమరంగుది, వాననీళ్లకి చల్లబడి ఉంది. రెండోది పాత తెల్ల పింగాణీది, ఆ బోర్డులోని మిగతావాటికి జోడు. దాని తీగ ఎడమచేతివాటంగా చుట్టి ఉంది. అలా చుట్టేవాణ్ని ఆ ఇంట్లో ఇద్దరూ ఒక్కణ్నే ఎరుగుదురు.

"మా తమ్ముడి చుట్టే ఇది," అంది ఆవిడ మెల్లగా.

మేస్త్రి బల్ల ముందు కూర్చున్నాడు. ఇన్నాళ్లూ వాణ్ని దొంగ అన్నాడు తను. వాడు ఆ రోజు ఫ్యూజు పీకాడు. జేబులో వేసుకున్నాకే తీగ పట్టుకున్నాడు. మరి ఆ ఖాళీలో కొత్త ఫ్యూజు పెట్టిన చెయ్యి ఎవరిది?

ఆవిడ ఇంకా ఆయన వెనక్కే చూస్తోంది. మేస్త్రి తెల్ల ఫ్యూజుని చేతిలోకి తీసుకున్నాడు. అది అప్పుడే ఎవరో పిడికిట్లోంచి ఇచ్చినట్టు వెచ్చగా ఉంది.