ఏరి పంపిన చేపలు

మంగళవారం వచ్చిందంటే సరంగుగారికి ఒళ్లంతా హడావుడే. వేటనుంచి తను నడిపే పడవ తిరిగొచ్చాక ఒక బుట్ట చేపలు యూనివర్సిటీకి పంపాలి. మత్స్యశాఖా, యూనివర్సిటీ కలిసి మూడేళ్లుగా చేస్తున్న సర్వే అది. ఆరు పడవలవాళ్లు వారానికో బుట్ట ఇస్తారు. అక్కడ వాటిని కొలిచి, తూచి, నీళ్లలో చేపలెలా ఉన్నాయో అంచనా వేస్తారు. ఆ అంచనా వేసేది ఎవరనుకున్నారు? సరంగుగారి కూతురే. రేవులో అందరూ ఆమెని చేపల డాక్టరమ్మ అంటారు. అలా అన్నప్పుడల్లా ఈయన వినపడనట్టు నటించి ఇంకోసారి అనిపించుకుంటాడు.

ఆ వారం డాక్టరమ్మ స్వయంగా ఇంటికొచ్చింది. రెండు సంస్థలూ మరో ఐదేళ్లకి ఒప్పందం రాసుకుంటున్నాయి. ఆ సందర్భంగా అచ్చేసే పుస్తకంలో వేయడానికి తండ్రి బుట్టతో నిలబడిన ఫొటో కావాలి. పొద్దున్నే ఫోన్ పట్టుకుని రేవుకి వెళ్లింది.

సరంగుగారు గొంతుక్కూర్చుని చేపలన్నీ టార్పాలిన్ మీద పరిచాడు. వేలెడంత చేపల్ని చేత్తో పక్కకి నెట్టేశాడు. బలంగా, నిగనిగలాడుతున్నవాటిని ఒక్కొక్కటే తీసి బుట్టలో ఐసు మీద పేర్చాడు. కూతురు ఫొటో తియ్యబోతూ ఆగిపోయింది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"నీకు పంపేవి ఏరుతున్నాను."

"ప్రతి వారం ఇలాగే ఏరతావా?"

"మరి? ఆ పిల్లచేపలు పంపితే నీ ఆఫీసులో నలుగురూ ఏమనుకుంటారు? మూడేళ్లలో ఒక్కవారం నాసిరకం పంపానేమో చూసుకో."

ఆమె ఫోన్ దించేసింది. బుట్టలో పడాల్సింది వలలో పడ్డది పడ్డట్టుగా, చిన్నా పెద్దా కలిసి. మిగతా ఐదు పడవలూ బయటి సముద్రానికి పోతాయి. రేవుని ఆనుకున్న చిన్న అఖాతం లోపలి నుంచి వచ్చే బుట్ట ఈయనదొక్కటే. అది చూసే కదా, అఖాతంలో చేప బాగా ఎదిగి ఉందని తను రిపోర్టు రాసింది. అది నమ్మే కదా, నిరుడు మత్స్యశాఖ వేట నిషేధం నెలలు తగ్గించి ఇంకో ముప్పై పడవల్ని లోపలికి వదిలింది. ఆ ముప్పైలో తమ్ముడి పడవ కూడా ఉంది. ఈ ఏడు వలలు తేలిగ్గా పైకొస్తున్నాయని వాడు నెల రోజులుగా గొణుగుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక సంగతంతా చెప్పింది. కనీసం రెండేళ్లు అఖాతంలో వేట మూసెయ్యమని ఈ రోజే సర్వే నడిపే ప్రొఫెసర్‌గారికి రాయాలంది. తల్లి టీ గ్లాసులు పెట్టి అలాగే నిలబడిపోయింది. తమ్ముడు మాత్రం ఊరుకోలేదు. మూసేస్తే రెండేళ్లు తన ఇల్లు ఎలా గడవాలన్నాడు. సంతకాలు అయ్యేదాకా నోరు మూసుకుంటే ఎవరి కొంప మునుగుతుందన్నాడు. ఈ సంగతి రాస్తే అక్క ఉద్యోగం కూడా ఊడుతుందని గుర్తుచేశాడు. అందులో అబద్ధమేం లేదు పాపం.

సరంగుగారు టీ గ్లాసు పక్కకి నెట్టేశాడు.

"అంటే నన్ను దొంగని చేస్తున్నావా? కూతురికి మంచివి పంపడం తప్పా?"

"తప్పే నాన్నా. నీ చేపల్ని చూసి నేను జనాన్ని మోసం చేశాను."

"ఏరకూడదని నాకు ఎవరు చెప్పారు?"

కూతురికి అప్పుడు గుర్తొచ్చింది. మిగతా ఐదు పడవలకీ సర్వేవాళ్లు స్వయంగా వెళ్లి, వల విప్పగానే కళ్లు మూసుకుని బుట్ట నింపడం దగ్గరుండి నేర్పారు. ఆరో పడవ దగ్గరికి వాళ్లని వెళ్లనివ్వలేదు తను. మా నాన్నే కదా, నేను చెప్తాలెండి అంది. ఏం చెప్పింది? ఫోన్లో ఒక్క ముక్క. వారానికో బుట్ట పంపు నాన్నా, అని. మూడేళ్లలో ఒక్క మంగళవారం కూడా రేవుకి రాలేదు. అంత చదువూ చదివి, సొంత ఇంట్లో ఏం జరుగుతోందో చూసుకోలేదు.

అక్కడే కూర్చుని ఉత్తరం రాసింది. తండ్రి చదివి వినిపించమన్నాడు. శిక్షణలో లోపం వల్ల నమూనాలు పాడయ్యాయనీ, ఆ బాధ్యత పూర్తిగా తనదేననీ రాసింది. ఆయన పేరెత్తలేదు.

"చేపలు ఏరింది నేనేనని రాయి," అన్నాడు సరంగుగారు.

"వద్దు నాన్నా. రేవులో నిన్ను బతకనివ్వరు."

"తిడితే నన్ను తిట్టనీ. నేను ఏరకుండా ఉంటే నీ లెక్క తప్పేది కాదు. రాయి."

ఆమె రాసింది. నేర్పనిది తనేనన్న మాట మాత్రం కొట్టెయ్యలేదు. ఉత్తరం పంపేసింది. తమ్ముడు ఎవరి మొహం చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తల్లి వాడి వెనకాల గుమ్మం దాకా వెళ్లి, పిలవలేక ఆగిపోయింది.

సరంగుగారు గోడకి జారగిలబడి నేల మీద కూర్చున్నాడు. కూతురు వచ్చి పక్కన చేరింది. ఆయన, పరీక్ష ఫలితం అడిగే పిల్లాడిలా, మెల్లిగా అడిగాడు.

"ఇప్పుడు మూసేస్తే మళ్లీ వస్తాయా అమ్మా?"

అఖాతంలో చేపల గురించి ఎందరో అధికారులు అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పింది ఆమె.

"తెలీదు నాన్నా," అంది.

ఆయన భుజాలు కదిలిపోయాయి. తండ్రి ఏడవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఐసు పట్టుకుని మొద్దుబారిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తనూ ఏడ్చింది.