ఇరవై రెండో నంబరు స్కూటర్

"ఆపండి! ఆ స్కూటర్‌ని ఆపండి!"

వెనక విజిల్!

ఆమె వెనక్కి తిరిగి చూడదు. కుడి బొటనవేలు లివర్ మీద ఉంది. నొక్కిన వేలు నొక్కినట్టే ఉంది.

నాలుగు చక్రాలు. ముందు ఓ బుట్ట. హ్యాండిల్ మధ్యలో డయల్... ఒక చివర తాబేలు బొమ్మ, ఇంకో చివర కుందేలు బొమ్మ. నడవలేని వాళ్ళు పార్కంతా తిరిగి చూడటానికి అద్దెకిచ్చే బ్యాటరీ స్కూటర్ ఇది.

డయల్ కుందేలు మీదే ఉంది. పేరుకే కుందేలు! గంటకి ఆరు కిలోమీటర్లు. పాలప్యాకెట్ కోసం చెప్పులీడ్చుకుంటూ వెళ్ళే మనిషి కూడా దాటేస్తాడు.

ఇవాళ మాత్రం దాటలేడు!

సీటు కింద స్పీడుని కట్టేసే తెల్ల వైరు ఒకటుంటుంది. సాయంత్రం గోళ్ళ కత్తిరితో దాన్ని తెంపేసింది.

ఇప్పుడు పన్నెండు!

టైమ్ ఎనిమిదీ పది. పార్కు మూసే వేళ. రైడ్లన్నీ ఒక్కొక్కటే ఆగుతున్నాయి. జనమంతా గేటు వైపు కదులుతున్నారు. భుజాల మీద నిద్రపోతున్న పిల్లలు, చేతుల్లో బెలూన్లు.

"జరగండి! జరగండమ్మా! బాబూ, పక్కకి!"

పీక్! పీక్!

హారన్ కూడా హారన్‌లా ఉండదు. కోడిపిల్లని తొక్కినట్టుంటుంది. అయినా జనం జరుగుతున్నారు.

సీటు వెనక అరచెయ్యంత ఎర్ర స్టిక్కర్. దాని మీద తెల్లగా... 22.

ఆ నంబరు చూసే గార్డులు పరిగెడుతున్నారు.

బుట్టలో ఆమె వాకీటాకీ గరగరలాడింది. స్కూటర్ల కౌంటర్‌కి పార్కు వాళ్ళే ఇచ్చిన వాకీటాకీ. వాళ్ళ గుట్టంతా అందులోనే వినిపిస్తోంది.

"సార్! ఇరవై రెండు బయట తిరుగుతోంది సార్! స్కూటరక్క నడుపుతోంది!" మీసాల గార్డు గొంతు అది. ఆయాసం.



తర్వాత మేనేజర్ అరుపు. "ఇరవై రెండా? రేయ్, తుక్కుషెడ్డూ! దాన్ని మిషన్లో నలిపేశానన్నావ్ కదరా!"

"నలిపాను సార్!" షెడ్డు కుర్రాడి గొంతు. "ఏడింటికే నలిపాను! మీరు చెప్పినట్టే చివర్లో ఉన్న బండిని..."

"నంబరు చూశావా?"

"చూశాననే అనుకుంటున్నా సార్... అన్నీ ఒకేలా ఉంటాయి కదా సార్!"

"అనుకోవడమేంటిరా, వెధవా! వెళ్ళి ఆ తుక్కులో వెతుకు!"

ఆమెకి నవ్వొచ్చింది.

అవును. అన్నీ ఒకేలా ఉంటాయి. అరవై స్కూటర్లు, అన్నిటికీ అదే నీలం రంగు, అదే బుట్ట. తొమ్మిదేళ్ళుగా రోజూ కడిగి, ఛార్జింగ్ పెట్టి, బయటికి పంపేది ఆమె. నంబరు తప్ప మీరెవరైనా ఏనాడైనా వాటిని చూశారా?

*

పదకొండు రోజుల క్రితం ఇదే బుట్టలో గొడుగు పెట్టుకుని కూర్చున్నారు ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు. కీళ్ళ నొప్పులు. పక్కన భార్య.

"అమ్మాయ్, దీనికి లైసెన్స్ అక్కర్లేదు కదా?" అన్నారు నవ్వుతూ.

"అక్కర్లేదు మాస్టారూ. లివర్ నొక్కితే వెళ్తుంది. వేలు తీస్తే అదే ఆగుతుంది."

ఇరవై రెండో నంబరు తాళం ఆమే ఇచ్చింది. తన చేత్తో!

ఇరవై నిమిషాల తర్వాత, బోటింగ్ కొలను మీది ర్యాంప్ దగ్గర, మాస్టారు వేలు తీశారు.

బండి ఆగలేదు.

రెయిలింగ్ విరిగింది. మాస్టారు నీళ్ళలోంచి ప్రాణంతో రాలేదు.

మర్నాడు పోలీసులు ఆమె తమ్ముణ్ణి పట్టుకెళ్ళారు. స్కూటర్లు రిపేర్ చేసే మెకానిక్ వాడే. బ్రేకు దగ్గర నట్టు బిగించడం మర్చిపోయాడని మేనేజర్ రాసిచ్చాడు.

పచ్చి అబద్ధం!

ఆ బండిలో బ్రేకే లేదు. కాలిపోయింది. కొత్తది కొనకుండా, దాని చోట ఉత్త డబ్బా బిగించమన్నాడు మేనేజర్. తమ్ముడు ససేమిరా అన్నాడు. 'ఇవ్వొద్దు' అని రాసి బండికి అట్టముక్క కట్టి ఇంటికి పోయాడు. రాత్రికి రాత్రి బయటివాడెవడో వచ్చి డబ్బా బిగించాడు. సెలవుల రద్దీ. పొద్దున్నే అట్టముక్క పీకేసి బండిని వరసలో పెట్టించాడు మేనేజర్.

పోలీసులు ఫోటోలు తీసుకుని బండిని పార్కులోనే వదిలేశారు.

"ఫోటోలో బ్రేకు కనపడదమ్మా," ఇవాళ పొద్దున అన్నాడు ఇన్‌స్పెక్టర్. "బండి చూపించు. రాత్రి ఎనిమిదిన్నరకి ర్యాంప్ దగ్గర ఆఖరి కొలతలకి వస్తున్నా. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు. రేపు నీ తమ్ముడి మీద కేసు కోర్టుకెళ్ళిపోతుంది."

ఇవాళ ఏడింటికి ఆమె షెడ్డుకి వెళ్ళింది. అక్కడ చూసింది చూసి, పది నిమిషాలు వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత ముక్కు తుడుచుకుని కౌంటర్‌కి వచ్చింది. సొరుగు తెరిచింది.

గోళ్ళలో జిగురు ఇంకా ఉంది.

*

ఎదురుగా ఇద్దరు గార్డులు! చేతులు చాచి నిలబడ్డారు.

హ్యాండిల్ ఎడమకి తిప్పేసింది. దయ్యాల కొంప రైడ్ వెనక్కి!

నడవలేని వాళ్ళని ఏ రైడ్‌కీ ముందు గుమ్మంలోంచి రానివ్వరు. వెనక నుంచి, చెత్తడబ్బాల పక్క నుంచి, బయటికొచ్చే దారిలోంచి లోపలికి పంపిస్తారు. తొమ్మిదేళ్ళుగా ఆ దారులు తిట్టుకుంటూ తిరిగింది ఆమె.

ఇవాళ ఒక్కో దారికీ దణ్ణం పెట్టాలనిపించింది!

రబ్బరు తెరలు మొహానికి కొట్టుకున్నాయి. చీకటి. అస్థిపంజరం ఒకటి పకపకా నవ్వింది.

"నోర్ముయ్!" అంది ఆమె.

వెనక బూట్ల చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

చివర్లో, కింద కొలను వైపుకి దించే లిఫ్ట్. ఒక్క స్కూటర్ పట్టే లిఫ్ట్. తలుపు మూసుకుంటుండగా మీసాల గార్డు చెయ్యి బుట్ట పట్టుకుంది!

"దిగక్కా! నా ఉద్యోగం పోతుంది!"

"నా తమ్ముడి బతుకే పోతోందిరా! వదులు!"

"వదలను!"

గార్డు వెనక రైడ్ దిగిన జనం వస్తున్నారు. ఆమె గొంతు చించుకుంది.

"నడవలేని మనిషి మీద చెయ్యేస్తున్నాడండోయ్! చూడండి! అందరూ చూడండి!"

పది ఫోన్లు లేచాయి!

మీసాల గార్డు చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. తలుపు మూసుకుంది. వాళ్ళు దిగాల్సిన మెట్లు ఎనభై రెండు.

ఆమెకి ఆ లెక్క తెలుసు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కలేని మెట్లు అవి.

*

ఎనిమిదీ ఇరవై ఎనిమిది. ర్యాంప్ పైభాగం.

కింద కొలను నల్లగా ఉంది. విరిగిన రెయిలింగ్ చోట తాడు కట్టారు.

ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. టేపు పట్టుకుని కానిస్టేబుల్ ఉన్నాడు. సంతకం కోసం పిలిపించిన మాస్టారి భార్య ఉంది.

వాళ్ళకంటే ముందుకొచ్చి నిలబడ్డాడు... మేనేజర్!

స్కూటర్ ఆగీ ఆగకముందే తాళం పీకేసి జేబులో వేసుకున్నాడు.

"సార్, ఈవిడ పార్కు ఆస్తి ఎత్తుకుపోతోంది!"

"సాక్ష్యం తెచ్చాను సార్," అంది ఆమె. "ఇరవై రెండు."

ఇన్‌స్పెక్టర్ వంగి స్టిక్కర్ మీద టార్చి వేశాడు. "ఇదేనా ఆ బండి?"

"ఇదే సార్," అన్నాడు మేనేజర్. చెమట తుడుచుకున్నాడు. "బ్రేకు లక్షణంగా ఉంది. ఆ రోజు మెకానిక్ నట్టు బిగించలేదంతే. తర్వాత మేం బిగించాం."

"సరే. విప్పి చూస్తే పోలా?" కానిస్టేబుల్ వైపు తిరిగాడు ఇన్‌స్పెక్టర్. "స్క్రూడ్రైవర్ తే."

"వద్దు!"

అరిచింది మేనేజర్ కాదు.

ఆమె!

అందరూ ఆమె వైపు చూశారు. మేనేజర్ కూడా నోరు తెరిచాడు.

"విప్పక్కర్లేదు సార్. నట్లూ బోల్టులూ నాకూ తెలీదు, మీకూ తెలీదు. లోపల ఏదో ఒక డబ్బా చూపించి ఇదే బ్రేకంటారు." ఆమె హ్యాండిల్ పట్టుకుంది. లేచింది.

రెండు కాళ్ళ మీద నిలబడింది!

గేటుకి వెళ్ళే జనం ఆగారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"చూశారా సార్!" మేనేజర్ ఎగిరి గంతేశాడు. "నడుస్తోంది! అంతా నాటకం!"

ఒకటి. రెండు. మూడు. నడుములో సూదులు. ఆమె స్కూటర్ చుట్టూ తిరిగి పక్కకొచ్చింది.

"పన్నెండు అడుగులు సార్," అంది. "రోజుకి అంతే నడవగలను. వాటిని ఎక్కడ ఖర్చుపెట్టాలో నా ఇష్టం." సీటు మీద అరచేత్తో కొట్టింది. "బ్రేకు లక్షణంగా ఉందన్నారు కదా. కూర్చోండి."

మేనేజర్ నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగింది.

"నేనెందుకు కూర్చోవాలి?"

జనం దగ్గరికొచ్చారు. ఫోన్లు లేస్తున్నాయి. మెట్లు దిగొచ్చిన మీసాల గార్డు రొప్పుతూ నిలబడ్డాడు. అతను కూడా మేనేజర్ మొహమే చూస్తున్నాడు.

అప్పటిదాకా మాట్లాడని మాస్టారి భార్య కళ్ళజోడు సర్దుకుంది.

"మా ఆయన కూర్చున్నాడు బాబూ," అంది మెల్లగా. "నువ్వూ కూర్చో."



ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకున్నాడు. "కూర్చోవయ్యా. అరిగిపోతావా?"

మేనేజర్ జేబు తడుముకున్నాడు. తాళం ఉంది. తన జేబులోనే ఉంది. తాళం లేని బండి ఎక్కడికి పోతుంది?

కూర్చున్నాడు!

"చాలా? చూశారుగా?" జనం వైపు చెయ్యి ఊపాడు. "ఏమైంది? ఏమీ కాలేదు!"

ఆమె మెడలోని దారం పైకి లాగింది. దారానికి ఒక తాళం.

అరవై స్కూటర్లకీ తాళం ఒక్కటే. ఏ తాళమైనా ఏ బండికైనా పడుతుంది. కౌంటర్‌లో పనిచేసే ప్రతివాళ్ళకీ ఆ సంగతి తెలుసు. ఏసీ గదిలో కూర్చునే వాళ్ళకి తెలీదు.

తాళం పెట్టింది. తిప్పింది. లైటు వెలిగింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

ఆమె బొటనవేలు లివర్ నొక్కింది.

స్కూటర్ కదిలింది! ఆమె పక్కనే నడుస్తోంది. నాలుగు. అయిదు. ఆరు...

ముందు చక్రాలు ర్యాంప్ అంచు దాటాయి!

బండి ముందుకి వాలింది. ఎదురుగా తాడు... తాడు అవతల నీళ్ళు...

"ఆపు! ఆపవే!"

"బ్రేకు ఉందిగా సార్! వేలు తీస్తే అదే ఆగుతుంది!"

ఏడు. ఎనిమిది.

"లేదు!" మేనేజర్ గొంతు కీచుగా చీలింది. "బ్రేకు లేదు! తీసేశాం! ఉత్త డబ్బా! నేనే పెట్టించాను... ఆ మెకానిక్‌కి సంబంధం లేదు... పట్టుకోండి! ఎవరైనా పట్టుకోండి!"

తొమ్మిది.

ఆమె వేలు తీసింది.

టక్!

స్కూటర్ ఆగింది. వాలు మధ్యలో, మేకు కొట్టినట్టు ఆగింది.

మేనేజర్ కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. చక్రాల వైపు చూశాడు. నీళ్ళ వైపు చూశాడు. ఏమీ అర్థం కాలేదు.

"బ్రేకు... ఉందే?" అన్నాడు.

బుట్టలో వాకీటాకీ గరగరలాడింది.

"సార్! మేనేజర్ సార్! తుక్కంతా వెతికాను సార్! నంబరు స్టిక్కర్ దొరికింది! ఏడింటికి నేను నలిపింది ఇరవై రెండే సార్! కరెక్ట్‌గా ఇరవై రెండే!"

ఆమె గోరుతో స్టిక్కర్ అంచు లేపింది. చర్రున లాగింది.

దాని కింద ఇంకో స్టిక్కర్.

9.

"ఈ బండికి బ్రేకు వేసింది నా తమ్ముడు సార్," అంది ఇన్‌స్పెక్టర్‌తో.   "ఎంత బాగా వేశాడో చూశారుగా."

ఇన్‌స్పెక్టర్ పెదాలు బిగబట్టాడు. నవ్వో, ఇంకేదో తెలీలేదు. చుట్టూ ఉన్న నలభై ఫోన్లనీ ఒకసారి చూసి, కానిస్టేబుల్‌కి కనుసైగ చేశాడు. బేడీల చప్పుడైంది.

మాస్టారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

ఆమె లెక్క చూసుకుంది. ఇంకా మూడు అడుగులు మిగిలాయి. ఒకటి వేసి, మేనేజర్ ఎదురుగా నిలబడింది.

"దిగండి సార్," అంది. "నేను కూర్చోవాలి."