ఎడమ రెక్క కొస

"పది గంటలకి విమానం లేస్తుంది. రెక్క కొసని ఎవరో కెలికారు," అన్నాడు చీఫ్. "నడిపేది మీ చెల్లెలు."

ఏజెంట్ మిడత లేచి నిలబడ్డాడు. చెల్లెలి దృష్టిలో అతను నీటి పంపుల సేల్స్‌మన్.

గాలి వాటాన్ని బట్టి రెక్కల కొసలు వాటంతటవే ముడుచుకునే, విచ్చుకునే కొత్తరకం విమానం అది. పైన ఒక్క కొస మొరాయించినా బొంగరంలా తిరిగి కూలుతుంది.

"ఆపేయొచ్చుగా సార్?"

"ఆపితే నెమలి దొరికిపోతుంది. కుడి కొస అని కబురు పంపింది. గుట్టుగా సరిచెయ్."

నెమలి అంటే శత్రు ముఠాలో ఉంటూ మనకి కబుర్లు మోసే అందగత్తె. చీఫ్‌కి ఆమె మాట వేదం.

మిడత మెకానిక్ వేషంలో హ్యాంగర్‌లో దూరాడు. కుడి కొస మూత విప్పి చూస్తే మోటార్, సెన్సర్, కొసని పట్టి ఉంచే పిన్ను అన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఎడమ వైపుకి పరిగెత్తి, మూత బోల్టులు వదులవకుండా చుట్టిన తీగ తడిమాడు. వేలికి కసుక్కున దిగింది. బిగువుగానే ఉంది కదా అనుకునేలోగా ట్రాక్టర్ విమానాన్ని లాక్కుపోయింది.

"వేలికి ఆ రక్తమేంటయ్యా?" అన్నాడు హెడ్ మెకానిక్.

"ఎడమ మూత తీగ గుచ్చుకుంది."

ముసలాయన అతని వేలు పట్టుకుని చూశాడు. "నా తీగ గుచ్చుకోదే! తుడిచేవాళ్ల చేతులు తెగుతాయని దాని కొస లోపలికి వంచుతాను. ముప్పై ఏళ్లలో ఒక్కటీ వదల్లేదు!"

అయితే అది విప్పి కట్టింది బయటివాళ్లు. ఎంత మోసం! నెమలి కావాలనే కుడి వైపుకి తోలింది.

కంట్రోల్ టవర్‌కి చెప్పి విమానం ఆపించమని కాలర్ మైక్‌లో అరిచాడు మిడత. "టవర్‌లో వాళ్ల మనుషులున్నారు," అన్నాడు చీఫ్. "మనకి తెలిసినట్టు పొక్కితే ముఠా జారుకుంటుంది. వేరే దారి చూడు."

మిడత జీపు లంకించుకుని రన్‌వేకి అడ్డంగా పెట్టాడు. దూసుకొస్తున్న విమానం కీచుమంటూ నాలుగడుగుల దూరంలో ఆగింది.

గంట తర్వాత సెక్యూరిటీ గదిలో బేడీలతో కూర్చున్నాడు. చెవిలో దాచిన ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గుసగుస: "ఎడమ పిన్ను సగానికి కోసుంది. నువ్వే కరెక్ట్. ముఠా దొరికేదాకా మీ చెల్లెలికి కూడా చెప్పకు."

తలుపు తోసుకుని చెల్లెలు వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పదకొండేళ్లు చచ్చీ చెడీ ఇక్కడిదాకా వచ్చాను అన్నయ్యా! అందరి ముందూ పరువు తీశావు. నేను పైకొస్తుంటే ఓర్వలేకపోయావు, అంతేనా?"

ప్రాణాలతో ఎదురుగా నిలబడి తిడుతోంది. అతనికి ఏడుపొచ్చింది. మింగేశాడు.

"అంతే," అన్నాడు.

ఆమె ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. ఇరవై ఏళ్లలో అతను ఎన్నో వేషాలు వేశాడు. ఎదుటివాళ్లు ఇంత తేలిగ్గా నమ్మింది మాత్రం ఈ ఒక్కదాన్నే.